సూర్యుడు ఎడమకి వంగిన పొద్దు

భూమికి కింది సగంలో ఉన్న ఈ దేశంలో సెప్టెంబరుకే రావాల్సిన వసంతం ఈ ఏడు కూడా మొహం చాటేసింది. అక్టోబరు సగమైనా పాయింట్ కుక్‌లో హీటరు ఆపిన ఇల్లు లేదు. మా వీధి చివరింటి సౌజన్య, శ్రీకాకుళం పిల్ల, చలికాలంలోనే మొగుడితో కలిసి ఒక బోటు కొనుక్కుంది. అప్పట్నుంచీ శనివారం వచ్చిందంటే వాన, వాన లేకపోతే గాలి. మొన్నొకరోజు తడిసిన గొడుగు గుమ్మంలో విప్పి పెట్టి, నా సోఫాలో కూలబడి, "వెదర్ యాప్ చూసి చూసి కళ్ళు కాయలు కాసిపోతున్నాయి ఆంటీ. ఇంకో వీకెండ్ ఇలాగే పోతే సేల్‌కి పెట్టేద్దాం అంటున్నాడు మా ఆయన. అసలు మీరు అప్పట్లో ఎలా వెయిట్ చేశారు?" అని అడిగింది. అల్లం టీ చేతికిచ్చి నాకు తోచిన నాలుగు ముక్కలు చెప్పాను. ఆ పిల్ల వెళ్ళిపోయాక వంటింటి కిటికీ దగ్గర నిలబడి, తడిసి ముద్దయిన పెరడు చూస్తూ మిగిలిందంతా నాకు నేనే చెప్పుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మేం పాయింట్ కుక్ వచ్చిన కొత్తలో మా వీధిలో సగం స్థలాలు ఇంకా ముళ్ళకంచెల మధ్య బురద మళ్ళే. నేను ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన సిటీలో ఒక ఐటీ కంపెనీలో ఉద్యోగి. ఇద్దరం కారు సీట్లోనే సగం జీవితం గడుపుతున్న రోజులు. ఎదురింటాయన క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోతూ తన పాత టిన్నీని అమ్మేస్తానంటే నేను ఒక్క మాట కూడా బేరమాడకుండా కొనేశాను. టిన్నీ అంటే రేకు బోటు, అల్యూమినియంది. నలుగురు ఎక్కితే నిండిపోతుంది. మా ఆయనకి స్విమ్మింగ్ పూల్ చూస్తేనే కడుపులో తిప్పుతుంది. "నీకు పిచ్చి ముదిరింది సత్యా" అని ఊరుకున్నాడు. నేను ఆసుపత్రి టీ బ్రేకుల్లో పుస్తకం చదువుకుని, పరీక్ష రాసి, బోటు నడిపే లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ కార్డు చేతికొచ్చిన రోజు నర్సింగ్ పాసైన రోజుకంటే ఎక్కువ పొంగిపోయాను. దాచుకోవడమెందుకు, అది నిజం.

ఎందుకంత పొంగిపోయానో చెప్పాలంటే మా పేట గురించి చెప్పాలి. ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డున మాది వేట మీద బతికే పేట. మా నాన్న తండేలు, అంటే నావని నడిపించే పెద్ద. ఎటు వెళ్ళాలో, ఎప్పుడు వల దింపాలో, ఎప్పుడు తిరగాలో ఆయన మాటే మాట. నావ ఒడ్డుకి రాగానే చేపలు ఏరడం, గంపలకెత్తడం, పిఠాపురం దాకా మోసుకెళ్ళి అమ్మడం, మిగిలినవి ఉప్పు రాసి ఎండబెట్టడం, అన్నీ అమ్మా వాళ్ళే. నీటి అంచు దాకా ఉన్న పనంతా ఆడవాళ్ళది. ఆ అంచు దాటి నావలో కాలు పెట్టకూడదు. గంగమ్మకి కోపం వస్తుందనేవారు. చిన్నప్పుడు ఒకసారి ఇసుకలో ఆరబెట్టిన నావ ఎక్కి కూర్చున్నందుకు నాన్న నన్ను చెవి పట్టుకుని దించి, నావని పసుపునీళ్ళతో కడిగించాడు. నాకు బాగా చదువు చెప్పించింది ఆయనే. పేటలో నర్సయిన మొదటి పిల్లని నేనే. నావలో మాత్రం చోటు లేదు. ఆ సంగతి నా మనసులో అలాగే ఉండిపోయింది.

అమ్మ పోయాక నాన్న ఒంటరివాడయ్యాడు. వీసా తీసి మా దగ్గరికి రప్పించాను. చలికాలంలో దిగాడు, ఎండలు మొదలయ్యేలోపు తిరిగి వెళ్ళిపోవాలి, టిక్కెట్టు ముందే కొన్నాం. నా ఆశ ఒక్కటే. ఆ వసంతంలో ఒక్కసారి నా బోటులో నాన్నని కూర్చోబెట్టుకుని, నేను నడుపుతూ ఇక్కడి సముద్రంలోకి తీసుకెళ్ళాలి. ఆయన మళ్ళీ వస్తాడో రాడో, వచ్చినా బోటు ఎక్కే ఓపిక ఉంటుందో లేదో. అందుకే ఆ ఒక్క వసంతం నాకు అంత ముఖ్యమైపోయింది.

నాన్న వచ్చాక మా ఇంటి వాసనే మారిపోయింది. హీటర్ గాలికి ఆరేసిన ఉన్ని స్వెటర్ల వాసన, ఇండియన్ షాపులో దొరికిన ఎండురొయ్యలు వంకాయతో ఉడికే వాసన, గ్యారేజీలోంచి సన్నగా వచ్చే చుట్ట పొగ. ఆ చుట్టలు ఊరి నుంచి సంచీ అడుగున తెచ్చుకున్నవి. అవి అయిపోతాయేమోనని ఒక్కోటీ ముక్కలు చేసి కాల్చేవాడు. మనిషి తెల్లారకముందే లేచేవాడు, అది వేటకెళ్ళే అలవాటు. తలకి మఫ్లరు చుట్టుకుని, గ్యారేజీలో ట్రైలరు మీదున్న నా బోటు ఎక్కి, వెనక మోటారు పక్కన కూర్చుని, ఎత్తిన షట్టరు కింద నుంచి వాన చూస్తూ ఉండేవాడు. నేను టీ తీసుకెళ్తే అంచు మీద నుంచే అందుకునేవాడు. ఒకరోజు నేనూ ఎక్కబోయాను. గ్లాసు పక్కన పెట్టి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది నేల మీదుంది కదా నాన్నా" అన్నాను. "నేల మీదున్నా నావ నావేనే" అన్నాడు. డ్యూటీకి టైమవుతోందని లోపలికి వచ్చేశాను, ఒళ్ళు మండిపోయింది. డబ్బు పెట్టి కొన్నది నేను, లైసెన్సు నాది, నా గ్యారేజీలో నా బోటు ఎక్కడానికి నాకు అనుమతి లేదు.

అల్లుడే బోటు నడుపుతాడని ఆయన నమ్మకం. మా ఆయన ఒకరోజు భోజనాల దగ్గర ధైర్యం చేసి, "మామయ్యగారూ, లైసెన్స్ సత్యకే ఉంది. నాకు బోటంటే అస్సలు పడదు, ఐ గెట్ సిక్" అన్నాడు. నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపి, "అయితే నేను గట్టు మీదే ఉంటాను బాబూ" అని మళ్ళీ కలుపుకున్నాడు. గొంతులో కోపం లేదు. నాకు అదే ఇంకా కష్టమనిపించింది, కోపమైతే పోట్లాడేదాన్ని.

పోనీ బోటు దించే అదను వస్తే ఆయన మనసు మారుతుందేమోనని ప్రతి శనివారం వెరిబీ సౌత్ బోటు ర్యాంప్‌కి వెళ్ళేవాళ్ళం. ర్యాంప్ అంటే బోటుని ట్రైలరుతో సహా నీళ్ళలోకి దించే సిమెంటు వాలు. అక్కడ కార్లు బారులు తీరి ఉండేవి, ఏ బోటూ దిగేది కాదు. స్నాపర్ చేపలు బేలోకి, అంటే ఇక్కడి అఖాతంలోకి, వచ్చే కాలం, అందరికీ చేతులు దురద. కారు అద్దాల మీద ఆవిరి, లోపల థర్మోస్ ఫ్లాస్కులు, రేడియోలో గాలి హెచ్చరికలు. కాలీఫ్లవర్ తోటల ముసలాయన లూ అని ఒకడుండేవాడు. ఇటలీ నుంచి చిన్నప్పుడే వచ్చినవాడు, యాభై ఏళ్ళుగా ఆ నీళ్ళ మీదే. రేకు కప్పు కింద బెంచీ మీద లూ, నాన్న పక్కపక్కన కూర్చునేవారు. ఒకరి భాష ఒకరికి రాదు. లూ ఆకాశం వైపు గడ్డం ఎత్తి, "నాట్ టుడే, మేట్" అనేవాడు. నాన్న ఆ మాట పట్టేశాడు. ఇంట్లో పాలు పొంగినా, బస్సు తప్పిపోయినా "నాట్టుడే" అనడం మొదలుపెట్టాడు.

వానా గాలీ దగ్గర మాత్రం నాన్నకి ఆ మాట నచ్చేది కాదు. రేపెలా ఉంటుందో నేను చెప్తానుండు అనేవాడు. పెరట్లో నిలబడి తుమ్మెద రెక్కంత సన్నగా దూది పీకి గాల్లోకి వదిలి చూసేవాడు. "దక్షిణం నుంచి వస్తంది. పైరగాలి. రేపు ఎండ కాస్తది, సముద్రం అద్దంలా ఉంటది, చూసుకో" అనేవాడు. తెల్లారేసరికి వడగళ్ళు. ఇంకో వారం, "ఉత్తరం గాలి దిగింది, మూడురోజులు ముసురే" అన్నాడు. మర్నాడు, పనిదినం నాడు, మధ్యాహ్నం కాసేపు ఆకాశం తళతళ. ఉప్పాడలో ఆయన మాట మీద పేటంతా నావలు దింపేది. ఇక్కడ ఒక్కటీ నిలబడకపోయేసరికి తిండి తగ్గించేశాడు. బోటులో దిక్సూచి బిగించి ఉంది. ఒకరోజు మధ్యాహ్నం మబ్బుల వెనక సూర్యుడి వెలుగు కాస్త కనబడితే అటు చూసి, దిక్సూచి చూసి, "ఇది పాడైపోయింది బాబూ, దక్షిణాన్ని పట్టుకుని ఉత్తరం అంటంది" అని మా ఆయనతో అన్నాడు.

అప్పటికి గాని నాకు వెలగలేదు. మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం వైపే వాలి ఉంటాడు. ఇక్కడ ఉత్తరాన ఉంటాడు. మబ్బుల వల్ల నాన్నకి ఒక్క సూర్యోదయమూ, ఒక్క అస్తమయమూ కనబడలేదు. మధ్యాహ్నపు వెలుగు బట్టే దిక్కులు పెట్టుకున్నాడు. ఉత్తరాన్ని దక్షిణం అనుకుని ఇన్ని వారాలు జోస్యం చెప్పాడు. ఇక్కడ ఉత్తరపు గాలి వెచ్చగా వీచిందంటే వెనకే చలీ వానా వస్తాయి, ఆయన దాన్ని మన పైరగాలి అనుకున్నాడు. ఈ మాట చెబితే నవ్వేశాడు. "సూరీడికి దేశాలుంటాయేంటే. నాకా చెప్తన్నావ్" అన్నాడు. ఇక వాదించలేదు. ఈ మనిషికి మాటలతో పని లేదు, చూపించాలి అనుకున్నాను.

ఒక మంగళవారం నాకు సెలవు. తెల్లారుజామున బయట చూస్తే చుక్కలు. నాన్న ఎలాగూ గ్యారేజీలో లేచే ఉన్నాడు. కారెక్కించి వెరిబీ సౌత్ ఒడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడ సముద్రం తూర్పున ఉంటుంది, అచ్చం మన ఉప్పాడలో లాగే. నీటి మీద సూర్యుడు పైకి వచ్చాడు. నాన్న చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఎన్నో వారాల తర్వాత దొరికిన మనిషిని చూసినట్టు చూశాడు. నేను థర్మోస్ లోంచి టీ పోసిచ్చి పక్కన కూర్చున్నాను. సూర్యుడు ఎక్కుతూ ఎక్కుతూ ఎడమకి వంగుతున్నాడు. మన దగ్గరైతే కుడికి వంగాలి. నాన్న టీ చల్లారిపోయింది. కట్ట మీద ఒక రాయి గుర్తు పెట్టుకుని, ఆ రాయి పైనుంచి సూర్యుడు ఎటు జరుగుతున్నాడో వేలు అడ్డం పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. ఆయన మొహంలో ఓడిపోయినట్టు లేదు. చిన్నప్పుడు నాకు మొదటిసారి లెక్క అర్థమైతే ఎలా ఉండేదో అలా ఉంది.

"ఎడమకి పోతన్నాడే" అన్నాడు.

"అవున్నాన్నా."

"అయితే ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా తిరగేసి చెప్పాను."

నేను తలూపాను. ఆయన మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "మీ ఆయన నా మొహం మీద ఒక్క మాటన్నాడా. ఎంత మర్యాదస్తుడే ఆ బాబు" అన్నాడు. తర్వాత ఇసక దులుపుకుని లేచాడు. "ఇక్కడ దారి నాకు తెల్దు. తెలిసినోళ్ళే తోలాలి. సూరీడే తన తీరు మార్చుకున్నాక నేనొక్కణ్ణీ పట్టుకు కూకుంటే ఏం బాగుంటది. ఎప్పుడెల్దాం చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడిస్తే మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాను.

ఇక అప్పట్నుంచి నాన్న ఆత్రం నా ఆత్రాన్ని మించిపోయింది. రెండు శనివారాలు గాలి, ఒక ఆదివారం ముసురు. పెట్టెలు సర్దడం మొదలైంది. ఊరికి పట్టుకెళ్ళే చాక్లెట్లూ స్వెటర్లూ హాలంతా పరిచి ఉన్నాయి, వాటి మధ్య నుంచి ఆయన తలుపు దగ్గరికీ, తలుపు దగ్గర నుంచి కిటికీకీ. ప్రయాణం ముందు చివరి శనివారం పొద్దున్న గాలి లేదనీ, పదకొండు దాటాక పడమటి గాలి లేస్తుందనీ ఫోను చెప్పింది. నాన్న నా ఫోను వైపు చూసి, ఆకాశం వైపు చూసి, "దాని మాటే ఇందాం" అన్నాడు.

ర్యాంప్ దగ్గర జాతర. వారాల తరబడి ఆగినవాళ్ళంతా ఒక్కసారే దిగారు. నా వంతు వచ్చింది. ట్రైలరుని వెనక్కి నడపడం మగవాళ్ళకే చెమటలు పట్టించే పని. వెనక ఇరవై బళ్ళు చూస్తున్నాయి. మా ఆయన ర్యాంప్ పక్కన నిలబడి చేతులు ఊపుతున్నాడు, ఎటు ఊపుతున్నాడో ఆయనకే తెలీదు. ఆయన్ని చూడ్డం మానేసి అద్దాల్లో చూసుకుంటూ ఒక్కసారికే తిన్నగా నీళ్ళలోకి దించాను. లూ తన బోటులోంచి చప్పట్లు కొట్టి, "బ్యూటిఫుల్, లవ్" అన్నాడు, ఇక్కడి పెద్దవాళ్ళు ఆప్యాయంగా పిలిచే పిలుపు అది. నాన్న నీటి అంచున వంగి నీళ్ళు కళ్ళకద్దుకుని, "గంగమ్మ తల్లీ, నా బిడ్డే, చల్లగా చూడు" అని పైకే అన్నాడు. ఆ తర్వాత నాకేసి చూసి, "నువ్వెక్కు ముందు" అన్నాడు. నేను ఎక్కాను. నా వెనకే ఆయన ఎక్కి, ముందు భాగంలో బల్ల మీద కూర్చున్నాడు. అంత ఆనందం నేను ఎప్పుడూ పడలేదు, ఇప్పటికీ పడలేదు.

నీళ్ళు నిజంగానే అద్దంలా ఉన్నాయి. లూ ఆగిన చోటికి కాస్త ఇవతల లంగరు వేశాం. నాన్న గాలం కర్ర వద్దన్నాడు, దారం చేతికి చుట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి ఆయన చెయ్యి బిగిసింది, నడుం వంగింది, ఎన్నేళ్ళ నుంచో పని లేని భుజాలు పని చేశాయి. మీదికొచ్చింది ఎర్రగా మెరిసే స్నాపర్, నా మోచెయ్యంత. నాన్న దాన్ని బోటులోకి లాగాక పక్క బోట్లవాళ్ళంతా కేకలు పెట్టారు. ఆయన వాళ్ళకేసి చెయ్యెత్తి, "టుడే, మేట్" అన్నాడు.

పదిన్నరకే నీటి మీద గీతలు పడ్డాయి. ఫోను చెప్పినదానికంటే ముందే గాలి లేచింది. నాన్న లంగరు తాడు లాగేశాడు గాని, ఎటు అని నోరు తెరవలేదు. అలల మీద బోటు డబడబా కొట్టుకుంటోంది, నీటి తుంపరలు మొహాన పడుతున్నాయి. వేగం తగ్గించి, అలకి బోటు ముక్కు ఏటవాలుగా చూపిస్తూ నడిపాను. మధ్యలో ఒక పెద్ద అల వచ్చినప్పుడు ఆయన చెయ్యి అలవాటు కొద్దీ వెనక్కి సాగి, మోటారు కోసం వెతికి, ఆగిపోయింది. అంచు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఒడ్డుకి చేరాక నా చేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి.

ఇప్పుడు ఆ ర్యాంప్ పెద్దదైంది, లైట్లు పెట్టారు, శనివారం పొద్దున్న అక్కడ తెలుగు మాటలు వినబడని కారు తక్కువ. సౌజన్య లాంటి పిల్లలు ట్రైలరు వెనక్కి నడుపుతుంటే ఎవరూ తల తిప్పి చూడరు. ఆ తర్వాత పుట్టిన మా అమ్మాయి ఇప్పుడు మెరైన్ ఇంజినీరింగు చదువుతోంది. "మామ్, వై వాజ్ ఇట్ సచ్ ఎ బిగ్ డీల్?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడగగలగడమే నా గెలుపు. తనకి దొరకనిది ఆ ఎదురుచూపు మాత్రమే. అది లేకపోతే నాన్న ఒక్క పొద్దున్న బోటెక్కి దిగి ఊరికెళ్ళిపోయేవాడు, సూర్యుడు ఎటు వంగుతాడో చూసేవాడు కాదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. సౌజన్యకి నేను చెప్పిన నాలుగు ముక్కల్లో ఒకటి, బోటు అమ్మొద్దని.

ఆ రోజు ర్యాంప్ పక్కన చేపలు కోసే బల్ల దగ్గర మా ఆయన స్నాపర్‌ని ముందేసుకుని కత్తి పట్టుకున్నాడు. నాన్న ఆ కత్తి తీసుకున్నాడు. మా పేటలో నావ తిరిగొచ్చాక కూరకి పంచుకునే చేపల్లో మనిషికో పాలు, అంటే వాటా, వేస్తారు. తండేలుకి మాత్రం అందరికంటే ముందు తీసి, పైన ఇంకో పాలు కలుపుతారు. అది ఎవరూ అడిగేది కాదు, ఎవరూ కాదనేది కాదు. నాన్న చేపని కోసి, తలకాయా మెడ ముక్కా విడిగా తీసి, దాని మీద నడిమి ముక్క ఇంకోటి పెట్టాడు. మా ఆయన అదేదో పెద్దాయన తనకోసం పెట్టుకుంటున్నాడనుకుని, "అది మీకేనా మామయ్యగారూ?" అన్నాడు.

"నాకో పాలు చాలు బాబూ" అని, నాన్న ఆ రెండూ కలిపి చేతుల్లోకి తీసుకుని నా ముందు పెట్టాడు. "ఇది తండేలుది."